డ్రైవరు గారూ, కాస్త చల్లబడండి

మహారాజశ్రీ ఎల్‌ఈడీ డ్రైవరు గారి సముఖమునకు,

చిక్కడపల్లి నుంచి మీ సేవకుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమంగా లేరని నిన్న రాత్రి టార్చిలోంచి వచ్చిన మాడు వాసనే చెప్పింది.

తమరు టార్చిలో కరెంటును అదుపు చేసే బుల్లి సర్క్యూట్ బోర్డు. తమరి వ్యాసం 17 మిల్లీమీటర్లు. రూపాయి బిళ్ల కంటే చిన్న. దర్పం మాత్రం కలెక్టరుది. సెల్లుకీ ఎల్‌ఈడీకీ మధ్య కూర్చుని, నా సంతకం లేనిదే కరెంటు కదలదంటారు. నిజమే, తమరు లేకపోతే ఎల్‌ఈడీకి అదుపు ఉండదు. వోల్టేజీ కాస్త పెరిగితే చాలు, కరెంటు అమాంతం ఎగబాకి తనను తానే కాల్చుకుంటుంది. కానీ తమరి కమీషన్ మాటేమిటి? నిండుగా చార్జయిన 18650 సెల్లు, అంటే టార్చిలో వేసే లిథియం సెల్లు, ఇచ్చేది 4.2 వోల్టులు. ఎల్‌ఈడీకి కావలసింది మూడుంపావు. మిగతా సుమారు ఒక వోల్టు తమరే మింగుతారు. తమరి మీద కరెంటును కట్టడి చేసే 7135 రకం చిప్పులు ఎనిమిది, ఒక్కోటి 350 మిల్లీ ఆంపియర్లు, మొత్తం 2.8 ఆంపియర్లు. అంటే రెండున్నర వాట్లు తమరి మామూలు! దళారులు కూడా తిన్నది అరిగించుకుంటారు. తమరు వేడెక్కి ఊరుకుంటారు.

తమరి కోసం కోఠీ గుజరాతీ గల్లీ అంతా తిరిగాను. "టార్చి డ్రైవర్ ఉందా భయ్యా?" అంటే ఒకాయన స్క్రూడ్రైవర్ల సెట్టు తీసి ముందు పెట్టాడు. అది కాదంటే టెస్టర్ చూపించాడు. చివరికి చిప్పులు, బోర్డు విడివిడిగా తెప్పించుకుని నేనే అతికించాను.

ఎల్‌ఈడీని రాగి పలక మీద కూర్చోబెట్టడానికి అమ్మ దోసెల పెనం వాడాను. పాతదే కదా అనుకున్నాను. దోసె అంటుకోకుండా లేచే పెనం ఇంట్లో అదొక్కటేనట. 183 డిగ్రీలు వచ్చేసరికి, వేడికి కరిగి అతికించే బూడిదరంగు సోల్డర్ పేస్టు ఒక్కసారి వెండిలా మెరిసింది. మూడున్నర మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ, నిద్రలో పిల్లాడు చాప మీద సర్దుకున్నట్టు, దానంతటదే కదిలి తన చోట్లో కుదురుకుంది. కళ్లు చెమర్చాయి. పేస్టులోని ఫ్లక్స్ పొగ లెండి. ప్లస్సూ మైనస్సూ తారుమారు పెట్టానని తర్వాత తెలిసింది. మళ్లీ పెనం. సోల్డర్‌లోని సీసం తగిలింది కాబట్టి ఇక దీని మీద దోసెలు వేయకూడదని చెప్పాక అమ్మ అన్న మాటలు ఇక్కడ రాయను.

తమరి బుర్ర 8 కిలోబైట్లు. అందులో మసక వెలుగుకి వెన్నెల మోడ్ అని ఒకటి ప్రోగ్రామ్ చేశాను. రాత్రి ఒంటిగంటకు బాత్‌రూమ్‌కి వెళ్తూ నొక్కితే తమరు టపటపా వెలిగి ఆరే స్ట్రోబ్ అందుకున్నారు. వీధిలో బరాత్ వచ్చిందనుకుని నాన్న లేచి కూర్చున్నారు.

ఇక నిన్నటి సంగతి. సెల్లు తిరగేసి పెట్టింది నేనే, ఒప్పుకుంటాను. ఫ్రెండుకి ఫోన్‌లో "డ్రైవర్ కాలిపోయిందిరా" అంటుంటే పక్క గదిలోంచి బామ్మ, "అయ్యో, ఎవర్రా ఆ పిల్ల? ఏ ఆసుపత్రిలో ఉంది?" అని గాబరాగా వచ్చింది. తమరిని విప్పి చూపిస్తుండగా వాన మొదలై కరెంటు పోయింది. తమరి స్ప్రింగు ఎగిరి మంచం కింద పడింది. నేను కింద దూరి తడుముకుంటుంటే అమ్మ ఫోన్ టార్చి పట్టుకుని నిలబడింది.

"తొందరగా వెతకరా, చార్జింగ్ అయిపోతోంది" అంది.

మూడో బోర్డు సోమవారం వస్తుంది.

ఇట్లు,
తమరి విధేయుడు