ఎమ్యులేటర్ ఒక్కటే చాలదు
పాత కంప్యూటర్ల సరదా తీరడానికి ఎమ్యులేటర్ (ఇప్పటి కంప్యూటర్‌ని పాతదానిలా నడిపించే సాఫ్ట్‌వేర్) చాలు, అసలు మెషిన్ కొనడం దండగ అన్న మాట నేను ఒప్పుకోను. గేములకైతే సరే. 1984లో మొదలైన ‘క్లాస్’ (CLASS) అనే ప్రభుత్వ కంప్యూటర్ చదువు ప్రాజెక్టులో మన స్కూళ్లకిచ్చిన రకం బ్రిటిష్ కంప్యూటర్, బీబీసీ మైక్రో ఒకటి తిరుపతిలో పాత సామాన్ల కొట్లో నాకు దొరికింది. 32 కేబీ మెమరీ, 6502 ప్రాసెసర్. కరెంటు ఇచ్చే ముందే పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్లు (కరెంటులోని అలజడిని వడకట్టే చిన్న భాగాలు) మార్చాలి. ఏళ్ల తరబడి వాటి లోపలి కాగితం తేమ పీల్చి, పైపెంకు పగులుతుంది. అలాగే ఆన్ చేస్తే గదంతా పొగే. మా వీధి టీవీ మెకానిక్ అన్న పక్కన కూర్చుని, కాలేజీ రోజుల్లో వదిలేసిన సోల్డరింగ్ మళ్లీ పట్టుకున్నా. ఎంత హాయిగా ఉందో! ఇందులో ప్రాసెసర్, శాశ్వత ప్రోగ్రాములుండే రోమ్ చిప్పులు సాకెట్లలోనే ఉంటాయి, చేత్తో తీసి మార్చొచ్చు. ఇప్పటి చాలా ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ కూడా బోర్డుకే అతికించేస్తున్నారు. ఈ పనితనం ఎమ్యులేటర్ నేర్పదు.