రంబోల్డ్‌ను ఎందుకు వదిలేశారు?

చరిత్రలో అంతగా తెలియని ఖలనాయకుల గురించి మీరు ప్రచురించిన వ్యాసంలో మీర్ జాఫర్‌కు చోటిచ్చి (ఆయన పేరు తెలియనివారెవరు?), ఉత్తర సర్కారులను (నేటి కోస్తా ఆంధ్ర ప్రాంతాన్ని) పీడించిన మద్రాసు గవర్నరు సర్ థామస్ రంబోల్డ్‌ను ప్రస్తావించకపోవడం విశాఖపట్నం పాఠకుడిగా నాకు పెద్ద లోటుగా తోచింది. జమీందారీల పరిస్థితిని ఇక్కడికే వచ్చి విచారించడానికి ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు ఏర్పాటు చేయించిన సంఘాన్ని ఆయన 1778లో రద్దు చేసి, జమీందారులే మద్రాసుకు వచ్చి తన ఎదుట పేష్కషు (కంపెనీకి కట్టాల్సిన కప్పం) ఖరారు చేసుకోవాలని ఆజ్ఞాపించాడు. అంత దూరం పరివారంతో వెళ్లిరావడమే అప్పులపాలు చేసే వ్యవహారం. ముడుపుల సంగతి వేరే చెప్పాలా! విజయనగరం రాజు విజయరామరాజుకు ఇష్టం లేకపోయినా, ఆయన సవతి అన్న సీతారామరాజును దివానుగా నిలబెట్టడం వెనుక కూడా లంచాలున్నాయని ఆరోపణలు వచ్చాయి. సీతారామరాజు అధికారదాహి అయినా సమర్థుడు కనుక, ఆయనను రంబోల్డ్‌తో ఒకే గాటన కట్టడానికి నేను ఇష్టపడను. డైరెక్టర్లు 1781లో రంబోల్డ్‌ను తొలగించారు గానీ, ఆయనను శిక్షించడానికి పార్లమెంటులో ప్రవేశపెట్టిన బిల్లు 1783లో నీరుగారిపోయింది. ఆయన 1791లో ఇంగ్లండులో మరణించాడు. విజయరామరాజు మాత్రం పేష్కషు బకాయిల వివాదం ముదిరి, 1794 జూలై 10న మన విశాఖ దగ్గరి పద్మనాభం వద్ద కంపెనీ సేనల చేతిలో నేలకొరిగాడు.