ఒక్క ‘రు’ కోసం

వేదిక మీద ఒక నాయకుడు తన ప్రత్యర్థిని ‘వాడు’ అంటారు. మా డెస్కులో ఉపసంపాదకుడు దాన్ని ‘ఆయన’ అని దిద్దుతారు. ‘వాడు రానీ, తేల్చుకుంటా’ అన్న మాట తెల్లారేసరికి ‘ఆయన వస్తే తేల్చుకుంటానని హెచ్చరించారు’ అని అచ్చవుతుంది. ఏళ్ల తరబడి ఇదే మా అలవాటు. భాషను కాపాడుతున్నామనుకున్నాం. నాయకుల నోళ్లు కడిగి జనం ముందు పెడుతున్నామేమోనని ఈమధ్య మాకే అనుమానం వస్తోంది. అసలు వీడియో అప్పటికే ప్రతి ఫోన్‌లోనూ తిరుగుతుంటుంది మరి.

తెలుగులో మర్యాద విడిగా తగిలించుకునే మాట కాదు, క్రియలోనే ఉంటుంది. వచ్చాడు, వచ్చారు: తేడా ఒక్క అక్షరం. వాడు, అతను, ఆయన, వారు: ఎదుటి మనిషిని ఏ మెట్టు మీద నిలబెట్టామో సర్వనామమే చెప్పేస్తుంది. అలాగని ఏకవచనం వాడినవాళ్లంతా సంస్కారం లేనివాళ్లు కారు. ‘వాడింకా తినలేదు’ అని తల్లి అంటే అందులో ఉన్నది ప్రేమే. కష్టం వచ్చినప్పుడు దేవుణ్ని కూడా ‘నువ్వే దిక్కు’ అనే వేడుకుంటాం. ఏకవచనానికి చనువు కావాలి. అది లేనిచోట అదే మాట తిట్టవుతుంది.

ఆడవాళ్ల విషయంలో దీని పదును ఇంకా ఎక్కువ. మన వ్యాకరణం స్త్రీవాచకానికి ఏకవచనంలో జంతువులకూ వస్తువులకూ వాడే క్రియనే ఇచ్చింది: ఆమె వచ్చింది, పిల్లి వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలోకి వెళితేనే మగవాళ్లతో సమానంగా ‘వచ్చారు’. అందుకే మర్యాద తెలిసినవాళ్లు, బడికి వెళ్లినా వెళ్లకపోయినా, పెద్దావిడ గురించి ‘వచ్చారు’ అనే అంటారు. తోటి మహిళా ప్రతినిధిని ‘అది’ అనే నాయకుడికి వ్యాకరణం రాదనుకోవడం పొరపాటు. అందులోని సందు ఆయనకు బాగా తెలుసు. రాయి విసిరేది అక్కణ్నుంచే.

ఈ గొడవంతా చాదస్తమనీ, గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడాక మళ్లీ నియమాలేమిటనీ అనేవాళ్లున్నారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటున్నాం. ఆయన కోరింది శిష్ట వ్యావహారికం, అంటే చదువూ సంస్కారమూ ఉన్నవాళ్లు మాట్లాడే వాడుక భాష. ఆ ‘శిష్ట’ను వదిలేసి ‘వ్యావహారికం’ ఒక్కటే తీసుకున్నది మనం. నేటి పత్రికకు చిన్నయసూరి కాలంనాటి అరసున్నలు అక్కర్లేదు. ‘అర్థం’ అంటే భావమనీ, ‘అర్ధం’ అంటే సగమనీ తెలిస్తే చాలు. ఆ మాత్రం కూడా మా పేజీల్లో చాలాసార్లు తప్పింది, పాఠకులు ఉత్తరాల్లో దులిపేశారు. దులిపించుకోవాల్సిందే.

ఒత్తు జారిపోతే కంటికి ఇబ్బంది, అంతే. వాక్యంలోంచి కర్త జారిపోతేనే అసలు టెన్షన్. ‘నిధులు విడుదల చేయబడలేదు.’ ఎవరు చేయలేదు? ‘పొరపాటు జరిగింది.’ ఎవరు చేశారు? మామూలు మనిషైతే ‘ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదు’ అంటాడు. ఈ ‘బడు’ ఆఫీసు కాగితాల్లోంచి ప్రసంగాల్లోకి, అక్కణ్నుంచి మా వార్తల్లోకి నడిచొచ్చింది. ఇక క్షమాపణల సంగతి. ‘నా మాటలు ఎవరినైనా నొప్పించి ఉంటే విచారిస్తున్నాను.’ మన వ్యాకరణాల్లో దీనికి చేదర్థకమని పేరు, అంటే షరతు. నొప్పించానని ఒప్పుకోరు, నొప్పి ఉందో లేదో మీరే చూసుకోండంటారు. మర్నాటికి ఆ షరతు కూడా పోయి ‘నా మాటలను వక్రీకరించారు’ అన్న వాక్యం వస్తుంది. విచిత్రంగా అక్కడ మాత్రం కర్త ఠక్కున దొరుకుతాడు. మేమే.

నియమాలకు కొదవ లేదు. పరువు తీసే, అసభ్యమైన, పార్లమెంటుకు తగని, హుందాతనం లేని మాటలను రికార్డు నుంచి తీసేసే అధికారాన్ని లోక్‌సభ కార్యవిధాన నియమాల్లో 380వది స్పీకర్‌కు ఇచ్చింది. తీసేసినచోట నక్షత్రం గుర్తు పెట్టి, అధ్యక్షస్థానం ఆదేశంతో తొలగించామని అడుగున రాస్తారు. ప్రత్యక్ష ప్రసారాలు లేని కాలంలో ఆ గుర్తుకు పని ఉండేది. ఇప్పుడు తీసేసిన మాటనే జనం ఎక్కువగా వింటున్నారు. చట్టసభలో అన్న మాటలకు రాజ్యాంగంలోని 105, 194 అధికరణలు కోర్టుల నుంచి రక్షణ ఇస్తున్నాయి. భయం లేకుండా ప్రభుత్వాన్ని నిలదీయమని ఇచ్చిన రక్షణ అది. దాని చాటున నిలబడి ఎదుటివాళ్ల ఇంట్లోవాళ్లను తిడుతున్నారు. విమర్శ విధానాలకు, కార్యక్రమాలకు, గతంలో చేసిన పనులకే పరిమితం కావాలని ఎన్నికల ప్రవర్తనా నియమావళి కూడా చెబుతోంది. పాటించేవాళ్ల కోసం వెతకాలి.

కోపం వద్దని మేం అనడం లేదు. ప్రతిపక్షానికి కోపం రాకపోతే ఆ సభ ఎందుకు? ‘మీ లెక్క తప్పు’ అన్నవారు ఆ వెంటనే సరైన లెక్క చెప్పాల్సి వస్తుంది. ‘వాడు దొంగ’ అన్నవారికి ఆ శ్రమ లేదు. మా బాధలో సగం ఇదే. తిట్టు వచ్చిన ప్రతిచోటా ఒక లెక్క అడుగున పడిపోతోంది, దాన్ని అడిగే పని మేమూ మరిచిపోయి తిట్టునే శీర్షిక చేస్తున్నాం.

అందుకని మా డెస్కు పద్ధతి మారుస్తున్నాం. నాయకులు వాడని మర్యాదను ఇకపై వాళ్ల నోట పెట్టం. ‘వాడు’ అని ఉంటే ఉటంకింపులో ‘వాడు’ అనే వేస్తాం, అదీ వార్త లోపలే. శీర్షికలో ఏ తిట్టూ ఉండదు. ‘ఉంటే’ అన్న షరతుతో వచ్చే విచారానికి క్షమాపణ అని పేరు పెట్టం. మా వాక్యాల్లో కర్తలను వెతికే పని ఈ ఉదయమే మొదలైంది. మొదటి పేజీలోనే ముగ్గురు తప్పిపోయారు.