గిరిజన లీగల్ క్లినిక్ నడపడం ఎలా: కొత్త డైరెక్టర్ గారికి

ముందుగా అభినందనలు సార్. యూనివర్సిటీ వారు మిమ్మల్ని గిరిజన న్యాయ సహాయ కేంద్రానికి డైరెక్టర్‌ని చేశారు. అదనపు బాధ్యతే గానీ అదనపు జీతం లేదు, గది కూడా లేదు, లైబ్రరీ వెనక స్టోర్ రూమ్ ఖాళీ చేయిస్తామన్నారు గానీ చేయించరు. లెటర్‌హెడ్ మాత్రం ఉంది, అది చాలు. మీ క్లయింటు పాడేరు కొండల మీద పోడు చేసుకునే ఆదివాసీ అని ఎవరైనా చెబితే నమ్మకండి. మీ క్లయింటు నాక్ కమిటీ, అంటే కాలేజీలనూ యూనివర్సిటీలనూ తనిఖీ చేసి గుర్తింపు ఇచ్చేవాళ్లు. దాని కొలమానాల్లో ఎక్స్‌టెన్షన్ కార్యక్రమాలకు, అంటే ఊళ్లోకి వెళ్లి చేసే సేవకు, చోటుంది, ఫొటోలు జియోట్యాగ్‌తో అడుగుతారు, మీరు పుట్టింది అందుకు.

కాబట్టి ఏడాదికి రెండు శిబిరాలు. శిబిరానికి ప్రాణం ఫ్లెక్సీ. వీసీ గారు పైన మధ్యలో, ఎడమ పక్కన రిజిస్ట్రార్, కుడి పక్కన ప్రిన్సిపాల్, ఈ కుడి ఎడమల దగ్గర తేడా వస్తే రెండేళ్లు మాటలుండవు, జాగ్రత్త. తేదీ వీసీ గారి ఖాళీని బట్టి పెట్టాలి. ఆ రోజు సంత అయితే ఊళ్లో జనం ఉండరు, పసుపు, చింతపండు, అడ్డాకులు పట్టుకుని తెల్లారకముందే వెళ్లిపోతారు. కంగారు పడకండి, డ్వాక్రా గ్రూపులకు ఫోన్ చేయిస్తే హాలు నిండుతుంది. భోజనం ప్యాకెట్ ఉందని ముందే చెప్పించండి.

ప్రసంగం రాజ్యాంగంలో ఉచిత న్యాయ సహాయం గురించి చెప్పే 39ఏ అధికరణంతో మొదలుపెట్టండి. 1976లో 42వ సవరణతో వచ్చిందని చెప్పి, అక్కడి నుంచి గిరిజన ప్రాంతాల పాలన గురించిన ఐదో షెడ్యూలుకు దూకి, నలభై నిమిషాలు మాట్లాడండి. ముందు వరసలో కూర్చున్నవాళ్లలో సగం మంది ఇంట్లో మాట్లాడేది కువి అనే గిరిజన భాష, మిగతావాళ్లది ఆదివాసీ ఒరియా. మీ క్లాసులో కువి వచ్చిన అమ్మాయి ఒకతి ఉంది, అరకు వైపు నుంచి వచ్చింది. ఆమెను భోజనం ప్యాకెట్లు లెక్కపెట్టే పనిలో పెట్టండి. నమ్మకస్తురాలు.

తర్వాత దరఖాస్తులు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. మన ఫారంలో ఆదాయ ధృవీకరణ పత్రం అడుగుతాం. ఎందుకని అడిగితే క్లర్కు గారు "పాత ఫారంలో ఉందండీ" అంటారు. రాజ్యాంగాన్నైనా సవరించారు గానీ పాత ఫారం జోలికి ఎవరూ వెళ్లలేదు.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంటుంది, అదే నిజమైన కేసు. సభ అయిపోయి వందన సమర్పణ జరుగుతుండగా ఒక పెద్దాయన పాలిథిన్ కవరు పట్టుకుని స్టేజీ దగ్గరికి వస్తాడు. కవర్లో అటవీ హక్కుల పట్టా. దున్నుతున్నది రెండెకరాలు, పట్టాలో పడింది నలభై సెంట్లు. హద్దులు చూడండి: తూర్పు అడవి, పడమర అడవి, ఉత్తరం అడవి, దక్షిణం అడవి. మన శిబిరం భూగోళం మీద కచ్చితంగా ఎక్కడ జరిగిందో ఫొటో కింద అక్షాంశ రేఖాంశాలతో సహా ఉంది, ఆయన పొలం ఎక్కడుందో మాత్రం ప్రభుత్వ ముద్ర వేసిన కాగితమే చెప్పలేకపోతోంది. "ఏం చెయ్యమంటారు బాబూ?" అంటాడు. "జిరాక్స్ తీయించుకుని రా పెద్దాయనా, వచ్చే సెమిస్టర్లో చూద్దాం" అనండి. దగ్గర్లో జిరాక్స్ సెంటర్ ఉండదు, అదే మన ధైర్యం.

కానీ ఆ కువి అమ్మాయి ప్యాకెట్లు వదిలేసి ఆయన పక్కన కింద కూర్చుని కాగితాలు చదవడం మొదలుపెడితే మీ పని అయిపోయినట్టే. విస్తీర్ణం తగ్గించాలని పట్టా దరఖాస్తులు చూసే సబ్ డివిజన్ కమిటీ అనుకుంటే ఆ సంగతి స్వయంగా ఆయనకే చెప్పాలని 2012లో మార్చిన అటవీ హక్కుల రూల్స్ ఉన్నాయి, తెలిసినప్పటి నుంచి 60 రోజుల్లో జిల్లా కమిటీకి పిటిషన్ పెట్టుకోవచ్చు, ఈయనకు ఎవరూ చెప్పలేదు కదా సార్, మరి గడువు ఎప్పుడు మొదలైనట్టు, అని అడుగుతుంది. ఊరి పెద్దల వాంగ్మూలం రాయించుకుంటే అది కూడా సాక్ష్యమే అని 13వ రూల్ చెబుతోంది, ఇప్పుడే రాసేద్దామా అని కూడా అంటుంది. మంచి పాయింట్లే. అందుకే టెన్షన్. "దీన్ని అసైన్‌మెంట్‌గా రాయమ్మా, పది మార్కులు" అని బస్సెక్కించండి. 60 రోజుల్లో ఎలాగూ ఇంటర్నల్స్, సెమిస్టర్ పరీక్షలు, సెలవులు అన్నీ వచ్చేస్తాయి.

మనసు ఊరుకోక మీరే వెళ్లి వాదిద్దామనుకుంటే బార్ కౌన్సిల్ అడ్డం. పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగి ప్రాక్టీస్ చేయకూడదు. విద్యార్థులకు ఎన్‌రోల్‌మెంటే లేదు. అంటే ఈ క్లినిక్‌లో వైద్యుడు చెయ్యి పట్టుకోకూడదు, విద్యార్థి మందు ఇవ్వకూడదు, బోర్డు మాత్రం వేలాడుతూ ఉండాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో లా విద్యార్థులు పర్యవేక్షణలో కోర్టులో నిలబడొచ్చట. అలాంటివి ఫ్యాకల్టీ మీటింగ్‌లో అనకండి, కమిటీ వేస్తారు, మిమ్మల్నే కన్వీనర్ చేస్తారు.

సిలబస్ సంగతి కూడా అంతే. ఆస్తి బదిలీ చట్టం ఏడాదంతా నూరిపోస్తాం. ఏజెన్సీలో నడిచేది 1/70, అంటే గిరిజన ప్రాంతాల్లో భూమి చేతులు మారడాన్ని కట్టడి చేసే చట్టం. అక్కడ గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే చట్టం ముందు అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది అవతలివాడు. విచారణ జరిగేది స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర. ఇది క్లాసులో గట్టిగా చెబితే పిల్లలు ఆ కోర్టు చూస్తామంటారు, బస్సు అడుగుతారు, డీజిల్ బిల్లు ఎవరు పెడతారు?

బదులుగా మూట్ కోర్టు, అంటే పిల్లలు లాయర్లుగా వాదించే ఉత్తుత్తి కోర్టు, పెట్టండి. సమత కేసు ఎప్పుడూ హిట్టే. 1997, సుప్రీంకోర్టు, అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజులు, ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలో తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదన్న తీర్పు. ఏసీ హాల్లో, నల్లకోట్లలో, ఇంగ్లీషులో పిల్లలు ఏటా ఆ కేసు మళ్లీ వాదిస్తారు, కిందటేడాది కంపెనీ తరఫు జట్టే గెలిచింది, షీల్డు కూడా పెద్దదే ఇచ్చాం. అసలు కేసు వేసి గెలిచిన సమత సంస్థకు పాపం నాక్ గ్రేడు లేదు.

చివరిగా ఒక జాగ్రత్త. అరుదుగానే అయినా, పెద్దాయన జిరాక్సులు తీయించుకుని ఘాట్ రోడ్డు దిగి బస్సులో నేరుగా యూనివర్సిటీకే వచ్చేయొచ్చు. గేటు దగ్గర సెక్యూరిటీ ఎవరు కావాలంటాడు, ఆయనకు మీ పేరు గుర్తుండదు, ఫ్లెక్సీలో మీది అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో ఉంది కదా. ఎలాగోలా డిపార్ట్‌మెంట్ దాకా వస్తే డైరెక్టర్ గారు సెమినార్‌కి ఢిల్లీ వెళ్లారని చెప్పించండి, సెమినార్ అంశం 'అట్టడుగు వర్గాలకు న్యాయం' అని కూడా చెప్పొచ్చు, తప్పేం లేదు. విజిటర్స్ రిజిస్టర్లో సంతకం మాత్రం తీసుకోవడం మర్చిపోవద్దని అటెండర్‌కి చెప్పండి. వేలిముద్ర అయినా పర్లేదు. రిపోర్టులో వాక్-ఇన్ క్లయింట్ల కాలమ్ మూడేళ్లుగా ఖాళీగా ఉంది.