మొహం రంగు మార్చమని మిమ్మల్ని ఎవరడిగారు?

ఫోటో ప్రింటులో రంగు తేడా వస్తే మన దగ్గర మొదట తిట్లు తినేది ప్రింటరు. తర్వాత ఇంకు, ఆ తర్వాత పేపరు. నేను ఒప్పుకోను. ఇప్పుడు దొరుకుతున్న మంచి ఫోటో ప్రింటరు ఏదైనా సరే, దాని పని దాన్ని చేసుకోనిస్తే చామనచాయను చామనచాయగానే వేస్తుంది. మనం చేసుకోనివ్వడం లేదు. ఒకే ఫోటో మీద ముగ్గురు నలుగురు, ఒకరికి తెలియకుండా ఒకరు, రంగులు దిద్దుతున్నారు. నా కోపం అంతా దాని మీదే.

పెళ్ళి ఆల్బమ్‌లు, ఇంట్లో గోడకు పెట్టుకునే పెద్దవాళ్ళ ఫోటోలు సిద్ధం చేయడం నా వృత్తి. మొన్న ఒకావిడ తన నాయనమ్మ ఫోటోను వేరేచోట 12×18 సైజులో వేయించి తెచ్చి చూపించారు. నేనిచ్చిన ఫైలులో ఆ పెద్దావిడది చక్కటి చామనచాయ. చెంపల మీద పసుపు, ఆ పసుపు మీద పొద్దుటి ఎండ, ముక్కుపుడక పక్కన చిన్న నీడ. ప్రింటులో పసుపు లేదు. చెంపలు పాలిపోయిన గులాబీ రంగులోకి వెళ్ళిపోయాయి. నీడ కూడా పోయింది కాబట్టి ముక్కుపుడక తెచ్చి అతికించినట్టుంది. చిలకపచ్చ చీర మాత్రం కళ్ళు చెదిరేంత పచ్చ. ఇదేంటని అడిగితే, "డార్క్‌గా ఉందని కొంచెం ఫెయిర్ చేశాం మేడమ్, అందరూ అలాగే అడుగుతారు" అన్నారట.

ఆ మనవరాలు అడగలేదు. ఆమెకు తన నాయనమ్మ కావాలి.

ఒకప్పుడు అమెరికాలో ఫోటో ల్యాబులు రంగులు సరిచూసుకోవడానికి కోడాక్ పంపే కార్డుల మీద తెల్లజాతి మహిళ బొమ్మ ఉండేది. షర్లీ కార్డు అనేవాళ్ళు. ఆమె చర్మం బాగా వస్తే ప్రింటు బాగున్నట్టు లెక్క. నల్లటివాళ్ళ మొహాలు ఎలా వచ్చినా పట్టించుకున్నది తక్కువ. దాని మీద విమర్శలు వచ్చాక ఆ కార్డుల మీదకు రకరకాల చాయలవాళ్ళు వచ్చారు. 1976లో వచ్చిన, రంగులు సరిచూసుకునే కలర్‌చెకర్ చార్టులో 24 గడులుంటే, మొదటి గడే ముదురు చర్మం రంగు. అక్కడ చేసిన తప్పును వాళ్ళు దిద్దుకుంటూ వస్తుంటే, దాన్ని మనం ఇక్కడ స్లైడర్ జరిపి, డబ్బులిచ్చి మరీ చేయించుకుంటున్నాం. నాకు ఇది అవమానంగా అనిపిస్తుంది.

సరే, ఇంట్లో ప్రింటరు పెట్టుకుని సొంతంగా వేసుకునేవాళ్ళ సంగతికి వస్తాను. అక్కడ మొహాలు పాడు చేసేది మనిషి కాదు, డ్రైవరు, అంటే కంప్యూటరులో ఉండి ప్రింటరును నడిపే సాఫ్ట్‌వేరు.

ఫైలులో ఉండేవి ఉత్త అంకెలు. ఎరుపు ఇంత, ఆకుపచ్చ ఇంత, నీలం ఇంత అని. ఆ అంకెలు కలిస్తే ఏ చాయో చెప్పేది ఫైలుతోపాటు వచ్చే ప్రొఫైల్. 1993లో అడోబ్, యాపిల్, కోడాక్, మైక్రోసాఫ్ట్ లాంటి ఎనిమిది కంపెనీలు కలిసి ఐసీసీ (ఇంటర్నేషనల్ కలర్ కన్సార్టియం) అనే సంస్థ పెట్టుకున్నాయి. ఒక రంగు ఏ కంపెనీ మానిటరు మీదికి వెళ్ళినా, ఏ కంపెనీ ప్రింటరులోకి వెళ్ళినా వీలైనంతవరకు అదే రంగుగా ఉండాలన్నది వాళ్ళ ఉద్దేశం. దానికి ఫైలు ప్రొఫైల్ నుంచి పేపరు ప్రొఫైల్‌లోకి, అంటే ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పేదానిలోకి, రంగును మార్చాలి. ఆ మార్పిడి ఒక్కసారే జరగాలి. ఈ పోస్టులో ఇంకేమీ గుర్తు లేకపోయినా ఇది గుర్తుంచుకోండి.

ఫోటోషాప్‌లో ప్రింట్ కొట్టగానే కలర్ హ్యాండ్లింగ్ దగ్గర అడుగుతుంది, రంగుల సంగతి నేను చూసుకోనా, ప్రింటరుకు వదిలేయనా అని. చాలామంది ఫోటోషాప్ అనే పెడతారు. పేపరు ప్రొఫైల్ కూడా సరిగ్గానే ఎంచుకుంటారు. పని అయిపోయిందనుకుంటారు. కానీ అదే విండోలో ప్రింట్ సెట్టింగ్స్ నొక్కితే డ్రైవరు తెరుచుకుంటుంది, అందులో కలర్ కరెక్షన్ మామూలుగా ఆటోమేటిక్ మీదే ఉంటుంది. ఫోటోషాప్ మార్చి పంపిన అంకెల్ని డ్రైవరు మళ్ళీ మారుస్తుంది. మొహాలు ఎర్రబడటం, నీడలు ముద్దగా అయిపోవడం చాలాసార్లు ఇందువల్లే. ఎప్సన్ డ్రైవరులో అయితే మోర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి, కస్టమ్ పెట్టి, అడ్వాన్స్‌డ్ నొక్కి, నో కలర్ అడ్జస్ట్‌మెంట్ ఎంచుకోవాలి. కానన్‌లో కలర్ ఇంటెన్సిటీని మాన్యువల్ చేసి, మ్యాచింగ్ ట్యాబులో నన్ (None) పెట్టాలి. ఇంత ముఖ్యమైన మీటను మూడు కిటికీల వెనక ఎందుకు దాచారో కంపెనీలవాళ్ళే చెప్పాలి.

ఈ గొడవంతా వద్దనుకుంటే ప్రింటరుకే వదిలేయండి, అదీ తప్పు కాదు. అప్పుడు ఫోటోషాప్ చేయి పెట్టకూడదు. ఇద్దరూ కలిసి చేస్తేనే చిక్కు.

ఇంకొకటి, ఫ్లెక్సీలు, పెళ్ళికార్డులు చేసే చేతి అలవాటుతో ఫోటోను ముందే సీఎంవైకేలోకి, అంటే ప్రెస్సులో వాడే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకుల లెక్కలోకి మార్చి ఇంట్లో ఇంక్‌జెట్‌కు పంపేవాళ్ళున్నారు. దయచేసి వద్దు. ట్యాంకుల్లో ఉన్నవి ఆ రంగులే అయినా ఈ ప్రింటర్ల డ్రైవరు ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల) ఫైలునే కోరుకుంటుంది. మీరు మార్చి పంపితే అది తిరిగి ఆర్‌జీబీ చేసి, మళ్ళీ ఇంకుల్లోకి మారుస్తుంది. దారిలో పోయిన రంగు తిరిగి రాదు.

పేపరు విషయంలో మొహమాటం అక్కర్లేదు. ప్రొఫైల్ అనేది ఆ ప్రింటరు, ఆ ఇంకు, ఆ పేపరు, మూడూ కలిసిన జతకు మాత్రమే. చవగ్గా వచ్చిందని బయటి ఇంకు నింపి, కంపెనీ ప్రొఫైల్ పెట్టుకుని, రంగు తేడాగా ఉందంటే ఏం చెప్పను? బయటి ఇంకు వాడితే వాడండి, దానికి తగ్గ ప్రొఫైల్ చేయించుకోండి. మీడియా టైపు దగ్గర ప్లెయిన్ పేపర్ వదిలేసి గ్లాసీ షీటు పెట్టే అలవాటు కూడా పోవాలి, ఎంత ఇంకు చల్లాలో తేలేది అక్కడే. అన్నిటికంటే ముందు నాజిల్ చెక్ వేయండి, ఇంకు చల్లే రంధ్రాలేవైనా మూసుకుపోయాయేమో చూపించే గీతల ప్రింటు అది. ఒక్క గీత తెగి ఉన్నా మిగతా సెట్టింగుల గురించి మాట్లాడుకోవడం దండగ.

ఇక పట్టుచీరలు. రాణీ రంగు, నెమలికంఠం రంగు స్క్రీన్ మీద వెలిగినంతగా కాగితం మీద వెలగవు. స్క్రీన్ వెలుగును చిమ్ముతుంది, కాగితం తన మీద పడ్డ వెలుగునే తిప్పి పంపుతుంది. జరీ సంగతి సరేసరి, ట్యాంకుల్లో బంగారు ఇంకేమీ లేదు. ఏ రంగు పోతుందో ప్రింటు వేయకముందే చూసుకోవచ్చు. పేపరు ప్రొఫైల్‌తో సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింటు ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపించేది) పెట్టి, గామట్ వార్నింగ్ ఆన్ చేస్తే కాగితం మీదికి రాని రంగులన్నీ బూడిదరంగు మచ్చల్లా కనిపిస్తాయి. అప్పుడు రెండరింగ్ ఇంటెంట్ దగ్గర, అంటే రాని రంగుల్ని ఏం చేయాలో చెప్పేచోట, రెండు దార్లు. పర్‌సెప్చువల్ పెడితే ఫోటో మొత్తాన్ని కొంచెం సర్ది చీర మడతల్ని కాపాడుతుంది. రెలెటివ్ కలరిమెట్రిక్ పెడితే కాగితం మీదికి రాగల రంగుల్ని దాదాపు ఉన్నవి ఉన్నట్టు ఉంచి, రానివాటిని అంచుకు నెట్టేస్తుంది. నేను రెండోదే వాడతాను, నీడలు ముద్దకట్టకుండా చూసే బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ టిక్ పెట్టి. మొహం సరిగ్గా వస్తే చీర పావువంతు వెనక్కి తగ్గినా నాకు ఫరవాలేదు. చీరల షాపు కేటలాగు అయితే వేరే మాట.

"ప్రింటు నల్లగా వచ్చింది" అనేవాళ్ళలో ఎక్కువమంది ల్యాప్‌టాప్ వెలుతురు ఫుల్లుగా పెట్టుకుని ఎడిట్ చేస్తారు. ప్రింటు పని కోసం మానిటరు వెలుతురును 80 నుంచి 120 నిట్స్ (స్క్రీన్ వెలుతురు కొలత) మధ్య ఉంచమంటారు. తగ్గించి చూడండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. ప్రింటు రాగానే ట్యూబ్‌లైటు కింద పెట్టి తీర్పు చెప్పకండి. పట్టుచీర కొనేటప్పుడు మన ఆడవాళ్ళు దాన్ని షాపు గుమ్మం బయటికి తెచ్చి పగటి వెలుగులో చూస్తారు చూడండి, ప్రింటును కూడా అలాగే చూడాలి. ప్రింటింగువాళ్ళు రంగు చూడ్డానికి పెట్టుకున్న ప్రమాణం కూడా 5000 కెల్విన్ వెలుగు, అదీ పగటి వెలుగు లాంటిదే. ఇంకు ఆరడానికి కొన్ని గంటలు వదిలేసి చూస్తే ఇంకా మంచిది.

ల్యాబులో వేయించుకునేవాళ్ళకు ఒక మాట. ఫోను ఫోటోల్లో కొన్ని డిస్‌ప్లే పీ3 అనే, మామూలుకంటే విశాలమైన రంగుల పరిధిలో ఉంటాయి, ఆ ప్రొఫైల్‌ను చదవని మెషీను వాటిని వెలవెలబోయేలా వేస్తుంది. మామూలు పరిధి అయిన ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి ఇవ్వండి. వాట్సాప్‌లో ఫోటోగా కాదు, డాక్యుమెంటుగా పంపండి. కౌంటర్ దగ్గర నోరు తెరిచి అడగండి: "కరెక్షన్ ఏమీ వద్దు, ఉన్నది ఉన్నట్టు వేయండి." కవరు మీద కూడా రాయించండి. పెద్ద సైజు వేయించేముందు అదే పేపరు మీద ఒక 4×6 వేయించి, మొహం చూసుకుని, అప్పుడు సరేననండి.

ల్యాబులవాళ్ళతో కూడా గొడవేమీ లేదు. తెల్లగా చేయమని అడిగేవాళ్ళు ఉన్నారని నాకూ తెలుసు, అడిగినవాళ్ళకు చేసుకోండి. అడగనివాళ్ళ ఫైలు మీద మాత్రం ఆటో కరెక్షన్ ఆఫ్ చేసి పెట్టండి. కరెక్షన్ లేకుండా శ్రద్ధగా వేసే ల్యాబు మీ ఊళ్ళో ఉంటే ఊరి పేరుతో సహా కింద రాయండి. నా దగ్గరికి వచ్చేవాళ్ళను అక్కడికే పంపిస్తాను.