ఓడకు ముందు ఒక రాత్రి, తర్వాత మూడు

క్రూయిజ్ అనే విహార ఓడ ప్రయాణానికి కొన్న టికెట్ మీద రోమ్ అని ఉంటుంది. ఓడ మాత్రం రోమ్‌లో ఉండదు. అక్కడికి 70 కిలోమీటర్లకు పైగా దూరంలో, చివిటావెక్కియా అనే రేవులో ఉంటుంది. పారిస్ పేరు చెప్పి దించే రేవు లె హావ్ర్. రెండింటి మధ్య దాదాపు 200 కిలోమీటర్లు. లండన్ అంటే చాలాసార్లు సౌతాంప్టన్. బ్యాంకాక్ అంటే లేమ్ చబాంగ్. బెర్లిన్ అంటే బాల్టిక్ ఒడ్డున ఉన్న వార్నెముండె. అక్కడి నుంచి బెర్లిన్ చూసి రావాలంటే రాకపోకలకే సగం రోజు చెల్లిపోతుంది. ఇక వెనిస్ సంగతి మరీ విచిత్రం. 2021 ఆగస్టు 1 నుంచి 25,000 టన్నులు దాటిన ఓడలను నగరం ముంగిట ఉన్న జుడెక్కా కాలువలోకి రానివ్వడం లేదు. కొన్ని మార్గెరా పారిశ్రామిక రేవుకు పోతున్నాయి, కొన్ని ట్రియెస్టెకు, మరికొన్ని వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రవెన్నాకు. ప్రకటనల్లో మాత్రం వెనిస్ వెనిస్‌గానే ఉంది.

క్రూయిజ్‌కు ముందు నగరంలో ఉండాలా, తర్వాత ఉండాలా అన్న ప్రశ్నను చాలామంది సెలవు ఎటు మిగిలితే అటు అన్నట్టుగా తేల్చేస్తారు. ఆ రెండు బసలూ ఒక జాతివి కావని నా అభిప్రాయం. ముందుండేది ఓడను అందుకోవడానికి. తర్వాత ఉండేది నగరాన్ని చూడటానికి. ముందు ఒక్క రాత్రి చాలు, కానీ అది తప్పకూడదు. తర్వాత ఉండాలనుకుంటే మూడు రాత్రులు ఉండాలి, లేదంటే దిగిన రోజే ఇంటిదారి పట్టాలి. ఓడ కదిలే రోజునే విమానం దిగి, తిరిగి వచ్చాక ఒక రాత్రి తగిలించుకునే పద్ధతి రెండు చివరలా నష్టమే.

మొదట ముందు రాత్రి సంగతి. ఓడ సాయంత్రం 5 గంటలకు కదులుతుంది, విమానం 11 గంటలకు దిగుతుంది, మధ్యలో ఆరు గంటలు ఉన్నాయి కదా అనిపిస్తుంది. ఆ ఆరింటిని తీసివేస్తూ రండి. చాలా ఓడలు బయలుదేరడానికి గంట, గంటన్నర ముందే చెక్ ఇన్ మూసేస్తాయి. ఇది వాళ్ల మొండితనం కాదు. అమెరికా రేవుల్లో ఓడ కదలడానికి 60 నిమిషాల ముందే ప్రయాణికుల జాబితా అధికారులకు చేరాలన్నది నిబంధన. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ మునిగినప్పుడు, అదే రోజు ఎక్కినవారికి ప్రమాద సమయపు కసరత్తు ఇంకా జరగలేదు. ఆ తర్వాత అంతర్జాతీయ నియమాలు మారాయి. 2015 నుంచి ఆ కసరత్తు ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే పూర్తి కావాలి. అంటే సాయంత్రం 5 అన్నది నిజానికి మూడున్నర. అందులోంచి ఇమిగ్రేషన్ వరుస, సామాను కోసం నిరీక్షణ, రేవుకు గంటన్నర రోడ్డు ప్రయాణం తీసేయండి. మిగిలేది ఒక గంట. మధ్యలో విమానం మారాల్సి ఉండి, మొదటిది నలభై నిమిషాలు ఆలస్యమైతే ఆ గంట కూడా హారతి కర్పూరం.

మనిషి చేరినా సామాను చేరకపోవడం ఇంకో గొడవ. తప్పిపోయిన పెట్టె సాధారణంగా మర్నాడో ఆ మర్నాడో వస్తుంది. నగరంలో ఉంటే హోటల్‌కు తెచ్చి ఇస్తారు. ఓడలో ఉంటే ఆ పెట్టె ఒక రేవు వెనకబడి మిమ్మల్ని వెంటాడుతూ ఉంటుంది. మీరేమో కట్టుబట్టలతో డైనింగ్ హాల్లో కూర్చుంటారు. ఓడే తప్పిపోతే తర్వాతి రేవులో ఎక్కవచ్చుగా అంటారు కొందరు. అందుకు ఆ దేశంలోకి వెళ్లే వీసా, ఆ ఊరికి విమానం, ఓడ కంపెనీ అనుమతి, ఈ మూడూ ఒక్క రాత్రిలో కుదరాలి.

ఈ ముందు రాత్రి అలవాటు విమానాల కాలంలో పుట్టింది కాదు. సౌతాంప్టన్‌లో పాత రైల్వే స్టేషన్‌ను ఆనుకుని సౌత్ వెస్టర్న్ హోటల్ ఉండేది. 1912 ఏప్రిల్ 10న టైటానిక్ ఎక్కినవారిలో కొందరు ముందు రాత్రి పడుకున్నది అక్కడే. ఇప్పుడు అది నివాస భవనం, పేరులో సౌత్ వెస్టర్న్ మాత్రం అలాగే ఉంది. రైలులో వచ్చి, రాత్రి పడుకుని, పొద్దున్నే ఓడ ఎక్కడం అన్న క్రమంలో ఈ నూరేళ్లలో మారినదల్లా రైలు స్థానంలో విమానం రావడమే.

ఆ ఒక్క రాత్రి ఎక్కడ గడపాలి? రేవు పక్కనే గది తీసుకుంటే నిశ్చింత అనిపిస్తుంది. రాత్రి తొమ్మిది దాటాక దిగేవారికి అది సరే. మిగతావారికి నేను చెప్పేది వేరు: రేవుకు వెళ్లే రైలు ఏ స్టేషన్లో ఆగుతుందో చూసి, దానికి నడక దూరంలో ఉండండి. చివిటావెక్కియా నుంచి వచ్చే లోకల్ రైలు రోమ్ ప్రధాన స్టేషన్ టెర్మినీ కంటే చాలా ముందే రోమా సాన్ పియెట్రో స్టేషన్లో ఆగుతుంది. అక్కడి నుంచి సెయింట్ పీటర్స్ బసిలికాకు నడిచి వెళ్లవచ్చు. ఈ సంగతి తెలియక జనం టెర్మినీ దాకా వెళ్లి, మళ్లీ టాక్సీలో వెనక్కి వస్తుంటారు. ఏథెన్స్‌లో 2022 అక్టోబరు నుంచి మెట్రో మూడో లైను విమానాశ్రయాన్ని నేరుగా ఆ నగరపు రేవు పిరేయస్‌తో కలిపింది. దారిలోనే నగరం నడిబొడ్డున ఉన్న సింటగ్మా వస్తుంది. దిగేటప్పుడు సింటగ్మా, మర్నాడు పొద్దున అదే లైన్లో పిరేయస్. బార్సిలోనా, వాంకూవర్, సింగపూర్‌లలో ఈ లెక్కల అవసరమే లేదు, ఓడ నగరంలోనే ఉంటుంది. అక్కడ ఎక్కడైనా ఉండండి.

ఆ రాత్రి మీద పెద్ద పెద్ద ఆశలు పెట్టుకోకపోవడం మంచిది. అనేక కాలమండలాలు దాటి వచ్చిన శరీరం మ్యూజియంలో నిలబడే నిద్రపోతుంది. కాసేపు నడవండి, తినండి, పడుకోండి. మందులు, ఛార్జర్లు కొనుక్కోవడానికి కూడా అదే సమయం. ఓడ మీద వాటి ధర వేరు.

ఇప్పుడు రెండో చివర. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెతను క్రూయిజ్ కంపెనీలు తిరగేసి వాడతాయి. ఇక్కడ ఓడే మనల్ని బోడి మల్లయ్యను చేస్తుంది. వారం రోజులు కాలు కింద పెట్టనివ్వని సిబ్బందికి ఆఖరి పొద్దున మన గది కావాలి, తొమ్మిదింటికల్లా కావాలి, మధ్యాహ్నానికి ఇంకొకరు వస్తున్నారు కాబట్టి. ముందు రాత్రే సూట్‌కేసులకు రంగు చీటీలు కట్టి వరండాలో పెట్టమంటారు. పదకొండు గంటలకు ఆ వరండా గోడ పొడవునా నిలబడిన పెట్టెలు చూస్తే సెలవు అయిపోయిందని ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దున ఆరింటికి ఓడ రేవు చేరుతుంది. ఎనిమిదిన్నరకు మీరు గట్టు మీద ఉంటారు. హోటల్ గది ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి.

ఈ ఆరున్నర గంటల వల్లే ఒక్క రాత్రి బస దండగ అంటాను. హోటల్ వాళ్లు సామాను ఉంచుకుంటారు, నిజమే. కానీ నాలుగున్నరకు లేచిన మనిషి, కింద నేల ఇంకా ఊగుతున్నట్టే అనిపిస్తుండగా, ఎండలో నగరం చూడటానికి బయలుదేరతాడు. ఆ ఊగడం భ్రమ కాదు. వారం పాటు అలల లెక్కకు అలవాటుపడిన లోపలి చెవి, మెదడు మళ్లీ గట్టి నేలకు సర్దుకోవడానికి చాలామందికి ఒక రోజు పడుతుంది. మర్నాడు విమానం. అంటే ఒక రాత్రి హోటల్ డబ్బు కట్టి కొనుక్కున్నది ఒక అలసిన మధ్యాహ్నం. దాని కంటే దిగిన రోజు రాత్రి విమానానికి టికెట్ పెట్టుకుని, పగలు ఓడ కంపెనీలే నడిపే బస్సు టూర్ తీసుకోవడం మేలు. సామాను బస్సులోనే ఉంటుంది, ఊరు తిప్పి నేరుగా విమానాశ్రయంలో దింపుతారు. కంపెనీలు అమ్మే వాటిలో చాలావరకు ఖరీదుకు తగనివే అయినా ఇది మాత్రం పనికొచ్చేది.

మూడు రాత్రులైతే లెక్క మారిపోతుంది. మొదటి రోజు ఊగడానికి, స్నానానికి, బట్టలు ఉతికించుకోవడానికి. చేతిలో రెండు నిండు రోజులు మిగులుతాయి. రెండు ఎందుకంటే, ఒక్కటైతే ఆ రోజే తలుపులు మూసి ఉండే ప్రమాదం ఉంది. వారం రోజుల క్రూయిజ్‌లలో చాలా భాగం శని, ఆదివారాల్లో ముగుస్తాయి. వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూత, నెలలో చివరి ఆదివారం తప్ప. ఫ్లోరెన్స్‌లో ఉఫిజీ సోమవారం మూత. పారిస్‌లో లూవ్ర్ మంగళవారం. ఆదివారం దిగి సోమవారం వెళ్లిపోయేవాడికి వాటికన్ మ్యూజియంలలోని సిస్టీన్ చాపెల్ అందడం కష్టం. సోమవారం విమానం ఆలస్యంగానే కదా అని ఓదార్చుకోవడానికీ లేదు, ఎందుకంటే ఆ టికెట్లు చాలాసార్లు ముందే అయిపోయి ఉంటాయి. ఏథెన్స్‌లో ఆక్రోపోలిస్‌కు 2023 సెప్టెంబరు నుంచి రోజుకు 20,000 మందినే, గంటల వారీగా లోపలికి పంపుతున్నారు. అలాంటి టికెట్‌ను ఓడ దిగిన రోజు పొద్దున పదింటికి కొనడం జూదం. పొగమంచు వల్ల రేవులోకి గంట ఆలస్యంగా వస్తే ఆ గంటను ఎవరూ తిరిగి ఇవ్వరు. రెండో రోజుకు కొనండి.

నా సూత్రానికి మినహాయింపు లేదనడం లేదు. మధ్యధరా సముద్రంలో రోజుకో రేవు చొప్పున ఏడు రోజులు తిరిగే క్రూయిజ్ ఉంటుంది చూడండి, దాని చివర ఇంకో మహానగరం పెట్టుకుంటే కాళ్లు మొరాయిస్తాయి. ఆరు పాత కోటలు చూసినవాడు ఏడో దాని నీడలో కూర్చోవడానికే ఇష్టపడతాడు. అలాంటప్పుడు మూడు రాత్రులూ ముందుకు జరపడమే మేలు. సముద్రం మీదే ఎక్కువ రోజులు గడిచే ప్రయాణాలది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. క్వీన్ మేరీ 2 అనే ఓడ సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు సాధారణంగా ఏడు రాత్రుల్లో అట్లాంటిక్ దాటుతుంది. పడమరకు పోతున్నప్పుడు ఐదు రాత్రులు గడియారాన్ని గంట చొప్పున వెనక్కి తిప్పుతారు, అంటే ఆ ఐదు రోజుల్లో ఒక్కోదానికి 25 గంటలు. బ్రూక్లిన్‌లో దిగేసరికి శరీరం న్యూయార్క్ సమయంలోనే ఉంటుంది. విమానంలో వచ్చినవాడు తెల్లవారుజామున మూడింటికి హోటల్ పైకప్పు చూస్తుంటే, మీరు హాయిగా నిద్రపోతారు. నగరం చూడటానికి అంతకంటే తాజాగా ఎవరూ చేరుకోలేరు. తూర్పుకు వెళ్లేటప్పుడు ఈ లాభం తిరగబడుతుంది. రోజులు 23 గంటలవుతాయి.

బయలుదేరిన రేవుకే తిరిగి వచ్చే ప్రయాణం కాకుండా ఒక చోట ఎక్కి ఇంకో చోట దిగేదైతే రెండు నగరాలు దక్కుతాయి. అలాస్కా ఇందుకు మంచి ఉదాహరణ. విదేశీ జెండా ఉన్న ఓడలు అమెరికాలోని ఒక రేవులో ఎక్కించుకున్నవారిని మరో అమెరికా రేవులో దించేయకుండా 1886 నాటి చట్టం ఒకటి అడ్డుపడుతోంది. అందుకే సియాటిల్ నుంచి వెళ్లే ఓడలు అక్కడికే తిరిగి వస్తాయి, దారిలో కెనడాలోని విక్టోరియా లాంటి రేవులో ఆగుతాయి. ఒకవైపు ప్రయాణాలు కెనడా వైపునున్న వాంకూవర్‌లో మొదలై అలాస్కా రేవులైన సీవార్డ్‌లోనో విటియర్‌లోనో ముగుస్తాయి. సీవార్డ్ నుంచి ఆంకరేజ్ 200 కిలోమీటర్లు. రైలులో నాలుగు గంటలకు పైగా పడుతుంది, హిమానీనదాల పక్కనుంచి పోతుంది. రేవు నుంచి నగరానికి వెళ్లే దారే చూడదగ్గదైన చోట్లు తక్కువ, ఇది వాటిలో ఒకటి.

కాగితాల విషయంలో ఒక్క సంగతి చెప్పాలి. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా అవసరమైనవారు, ఒక్కసారే లోపలికి రానిచ్చే సింగిల్ ఎంట్రీ తీసుకుని గ్రీస్ ద్వీపాల క్రూయిజ్ ఎక్కితే, ఓడ టర్కీలోని కుషాదసిలో ఆగడంతోనే షెంగెన్ బయటికి వచ్చినట్టు. మళ్లీ ఏథెన్స్‌లో అడుగుపెట్టడం రెండో ప్రవేశం. మల్టిపుల్ ఎంట్రీ కావాలి. నగరంలో ఉండే రోజులు కూడా వీసా రోజుల్లో పడతాయి. బీమా కూడా ఓడ ఎక్కే రోజు నుంచి కాదు, ఇల్లు వదిలే రోజు నుంచి ఇంటికి చేరే దాకా ఉండాలి.

నగరాలకూ ఈ విషయంలో ఒక అభిప్రాయం ఉంది, అది ఏటేటా గట్టిపడుతోంది. వెనిస్ 2024 ఏప్రిల్ 25 నుంచి కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో పగటిపూట వచ్చి పోయేవారి దగ్గర 5 యూరోలు వసూలు చేయడం మొదలుపెట్టింది. రాత్రి ఉండేవారికి ఆ రుసుము లేదు, వాళ్లు హోటల్ ద్వారా పర్యాటక పన్ను కడతారు గనుక. సముద్ర క్రూయిజ్ ఓడల రాకను 2026 నుంచి ఏడాదికి 100కు పరిమితం చేయాలని ఆమ్‌స్టర్‌డామ్ నిర్ణయించింది. ఏడు క్రూయిజ్ టెర్మినళ్లను 2030 నాటికి ఐదుకు తగ్గించాలని బార్సిలోనా 2025లో రేవు యాజమాన్యంతో ఒప్పందం చేసుకుంది. నాలుగు గంటల్లో ఐస్‌క్రీమ్ తిని ఓడకు పరుగెత్తే వేల మంది మీదే ఆ నగరాల కోపం. మూడు రాత్రులు ఉండేవాడు పొద్దున ఏడింటికి, ఓడల జనం దిగకముందే కూడలిలో ఉంటాడు. అదే నగరం, అదే కూడలి, పదకొండింటికి చూస్తే గుర్తుపట్టలేరు.

చివరగా సామాను. నగరానికి వేరే బట్టలు, ఓడలో విందుకు వేరే బట్టలు అనుకుంటూ మూడో సూట్‌కేసు సర్దడం పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకోవడమే. ఎక్కిన రేవులోనే దిగుతుంటే, రెండు వైపులా ఒకే హోటల్‌లో దిగి, నగరపు పెట్టెను వాళ్ల దగ్గర వదిలి వెళ్లవచ్చు. ముందే అడిగితే చాలా హోటళ్లు కాదనవు. ఆఖరి రాత్రి వరండాలో పెట్టె పెట్టేముందు పాస్‌పోర్టు, మందులు, హోటల్ చిరునామా రాసిన కాగితం చేతి సంచిలోకి తీసుకోవాలని అందరికీ గుర్తుంటుంది. మర్నాడు వేసుకునే బట్టలే కొందరు మర్చిపోతారు. ఒకసారి దిగే వరుసలో నా ముందు ఒక పెద్దమనిషి పైన కోటు, కింద నీలి గళ్ల పైజామా, హోటల్ చెప్పులతో నిలబడ్డారు. ఆయన పెట్టె అప్పటికే గట్టు మీద, రెండు వేల పెట్టెల మధ్య ఎక్కడో ఉంది.