గుంతలు తవ్విన చేతులు చేసిన ముఖాలు

జేమ్స్ థామస్ చేసిన మట్టి పుర్రెను చూస్తే చూపు పళ్ల దగ్గరే ఆగిపోతుంది. అవి నిజమైన మనిషి పళ్లు.

1926లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో, ఈడెన్ అనే చిన్న ఊళ్లో పుట్టిన నల్లజాతి కళాకారుడాయన. చిన్నతనంలో మట్టితో ఫోర్డ్ ట్రాక్టర్లు చేసేవారు. 'సన్ ఫోర్డ్' అనే పేరు అలా వచ్చిందే. పత్తి చేలలో పని చేశారు, గిటార్ పట్టి బ్లూస్ అనే నల్లజాతి జానపద సంగీతం పాడారు, సమాధులకు గుంతలు తవ్వారు. 1982లో వాషింగ్టన్‌లోని కోర్కొరన్ గ్యాలరీ 20 మంది నల్లజాతి జానపద కళాకారులతో పెట్టిన ప్రదర్శనలో ఆయన బొమ్మలూ ఉన్నాయి.

విమర్శకులు ఆయనను 'స్వయంగా నేర్చుకున్న కళాకారుడు' అంటారు. ఈ మాటతో నాకు పేచీ ఉంది. కళాశాల గడప తొక్కలేదన్నది నిజమే. అంతమాత్రాన ఏ చదువూ లేదనుకోవడం అన్యాయం. మట్టిని మలచడం మొదట చూపించింది ఇంటి బంధువే. దయ్యాలంటే హడలిపోయే తాతను భయపెట్టడానికి పుర్రె చేశానని థామసే చెప్పేవారు. ఆ అల్లరి పనికి తరువాతి రోజుల్లో గుంతలు తవ్విన అనుభవం తోడైంది. చర్మం కింద ఎముక ఎక్కడ పైకి లేస్తుందో, కంటి గుంట ఎంత లోతుగా ఉంటుందో ఆయన వేళ్లకు తెలుసు. అందుకే బతికున్నవారి ముఖాల్లో కూడా పుర్రె ఛాయ కనిపిస్తుంది. నా దృష్టిలో అది చేతకానితనం కాదు, ఆయన చూపే అది.

ఆయన మట్టితో చేసిన జార్జ్ వాషింగ్టన్ తలనే తీసుకోండి. తెల్లజుట్టు కోసం థామస్ వాడింది దూది. మిసిసిపి డెల్టాలో, అంటే ఆ రాష్ట్రపు పత్తి నేలలో, దూది ఉత్త దూది కాదు. అక్కడి నల్లవాళ్ల వెన్నులు విరిచిన పంట అది. బానిసలను సొంతం చేసుకున్న మొదటి అధ్యక్షుడి నెత్తిన అదే దూది! ఆయన ఏమనుకుని పెట్టారో గానీ, ఆ నేల చరిత్ర తెలిసినవారు దాన్ని అలంకారంగా మాత్రమే చూడలేరు.

ఈ బొమ్మల మట్టిని ఎక్కువగా బట్టీలో కాల్చలేదు. ఆరి పగుళ్లిస్తుంది, తడి తగిలితే మళ్లీ బురదే. భద్రపరచేవారికి అది కష్టమే. కానీ ఆ కష్టం మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా ప్రదర్శనలో బొమ్మ పక్కన ఉంచే పేరు పలకపై పెట్టాలి. 'మట్టి, దూది, పళ్లు' అని పదార్థాలు రాసిన చోటే, ఈ చేతులు పత్తి తీశాయని, గుంతలు తవ్వాయని కూడా రాయాలి.